నాలుగో చాలు దమ్ము ఎవరి కోసం?

పోయిన మే నెలలో, కాలువలు కట్టేసి, దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి, చేలు నెర్రెలు విచ్చి ఉన్న రోజుల్లో, మా చేను మధ్యలో మోకాలి లోతు గొయ్యి ఒకటి తవ్వాను. పొద్దెక్కకముందే పలుగూ పారా పట్టుకుని దిగిన నన్ను చూసి గట్టు మీద పోయే ఒకాయన "బోరు వేయిస్తున్నారా మాస్టారూ?" అని అడిగాడు. కాదు, మట్టి చూస్తున్నానంటే, పుట్టినప్పటి నుంచి చూస్తున్నది చాల్లేదా అన్నట్టు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన నవ్వులో న్యాయం ఉంది కానీ, అరవై ఏళ్ళుగా నేను చూసింది పైమట్టిని మాత్రమే. గోదావరి పశ్చిమ డెల్టాలో పుట్టి, బడిలో సైన్సు పాఠాలు చెప్పి, సెలవుల్లో ఊడ్పులూ కోతలూ చూసుకుని, ఉద్యోగ విరమణ తరువాత నాలుగెకరాల సొంత చేను చేయిస్తున్న నేను, ఆ చేను కింద జానెడు లోతున ఏముందో ఆ రోజు వరకు ఎన్నడూ చూడలేదు.

పైన బెత్తెడు మేర మట్టి వరి మోళ్ళ వేళ్ళతో అల్లుకుని, పెళ్ళలు పెళ్ళలుగా సులువుగానే వచ్చింది. జానెడు లోతుకు చేరేసరికి పలుగు ఖంగుమంది. అక్కడి నుంచి ఇంకో నాలుగు వేళ్ళ మందాన, పలకలు పలకలుగా ఊడివచ్చే గట్టి పొర ఒకటి అడ్డుపడింది. వరి వేళ్ళు ఆ పొర దాకా నిటారుగా దిగి, అక్కడ వంగి, దాని మీద చాపలా పరుచుకున్నాయి. పొరలోకి దిగినవి కొన్నే. అవి కూడా నెర్రె పగిలిన చోటో, ఎప్పుడో ఎర్రలు (వానపాములు) తొలిచిన కన్నాల్లోనో దిగినవి, వాటి చుట్టూ తుప్పు రంగు గీతలు. పొర కింద మట్టి మళ్ళీ మెత్తగా, నడి వేసవిలో కూడా చేతికి తడి తగిలేటట్టు ఉంది. నీరు నిలిచే వరికి ఆ తడితో పని లేదు. కానీ ఆ చేలో మినుము చల్లి ఉంటే, బెత్తెడు కింద తడి ఉండి కూడా ఆ మొక్క ఎండిపోయేది.

నేను గొయ్యి తవ్వడానికి కారణం అంతకు రెండు నెలల ముందు మా ఊరి రామాలయం అరుగు మీద జరిగిన ఒక సమావేశం. కర్బన క్రెడిట్ల వ్యాపారం చేసే సంస్థ ఒకదాని తరఫున వచ్చిన యువకుడు, చక్కగా మాట్లాడేవాడే, నేలను కదిపినప్పుడల్లా మట్టిలోని కర్బనం గాలిలో కలుస్తుందనీ, దున్నడం మానేస్తే అది నేలలోనే ఉండిపోయి మట్టి గుల్లబారుతుందనీ, అలా దాచిన కర్బనానికి ఏటా డబ్బు వస్తుందనీ చెప్పాడు. మా బావగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "దమ్ము చెయ్యకుండా ఊడ్చేదెలా బాబూ?" దమ్మంటే ఊడ్పుకు, అంటే నాట్లకు, ముందు నీరు నింపిన చేనును బురదగా దున్నడం; చేనంతా ఒకసారి తిరిగితే ఒక చాలు. ఆ యువకుడు ఫోనులో ఉత్తరాది గోధుమ పొలాల ఫొటోలు చూపించాడు. అందరూ లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఆ మాటల్లో రెండు వేర్వేరు సంగతులు ఒకే మూటలో కట్టి ఉన్నాయని నాకు ఆ రాత్రంతా అనిపిస్తూనే ఉంది. దమ్ము మట్టి నిర్మాణాన్ని దెబ్బ తీస్తుందన్నది ఒకటి. దున్నడం మానేస్తే కర్బనం పోగుపడుతుందన్నది రెండోది. మొదటిది మన డెల్టా చేలకు అక్షరాలా వర్తిస్తుంది, అందుకే దమ్మును సగానికి తగ్గించుకోవాలని నేను వాదిస్తాను. రెండోది ఏటా రెండు పంటలకు నీరు నిలిచే నేలకు చాలా వరకు అతకదు. మన చేలలో కర్బనం సంగతి తేలేది గడ్డి ఎప్పుడు మట్టిలో కలిసింది, నీరు ఎన్నాళ్ళు నిలిచింది అన్న రెండు విషయాల మీద. ఈ రెంటినీ కలిపి అమ్మజూస్తే, రైతు బావగారిలాగే ఒక్క ప్రశ్నతో రెంటినీ తోసేస్తాడు. అందులో తోసేయకూడనిది ఒకటి ఉంది కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మంచి మట్టి అంటే రేణువులు విడివిడిగా ఉన్న పొడి అని మనం అనుకుంటాం కానీ, బంకమన్ను రేణువులూ ఇసుకా వేళ్ళ జిగురూ కుళ్ళిన ఆకూ కలిసి చిన్న చిన్న కణికలుగా కూడుకుని, ఆ కణికల మధ్య గాలికీ నీటికీ దారులు మిగిలినప్పుడే దానికి నిర్మాణం ఉన్నట్టు. నీరు నింపి, ఇనప చక్రాలతో తిప్పి తిప్పి కొట్టినప్పుడు దమ్ము చేసే మొదటి పని ఆ కణికలను విడగొట్టడం. బంకమన్ను రేణువులు నీటిలో తేలి, పెద్దవి ముందు, సన్ననివి వెనుక దిగుతాయి; ఆ సన్నని మన్ను పైన మీగడలా పేరుకుని దారులన్నిటినీ మూసేస్తుంది. జానెడు కింద, చక్రం బరువు ఏటేటా అదే లోతున పడుతున్న చోట, నేను చూసిన గట్టి పొర ఏర్పడుతుంది. మన తాతలు దీన్ని తెలియక చేయలేదు. నీరు ఇంకిపోకుండా ఉంటుంది, ఊద, తుంగ లాంటి కలుపు మొక్కలు మట్టిలో కూరుకుపోతాయి, వేలు పెడితే దిగే అడుసులో ఆకు నాటడం సులువవుతుంది. ఈ మూడు లాభాలూ నిజమైనవే.

అయితే వాటిలో మొదటిది, నీరు ఇంకకపోవడం, మన బంకనేలల్లో ఎంతవరకు దమ్ము వల్ల వచ్చింది? తేలిక నేలల్లో, ఇసుక పాలు ఎక్కువ ఉన్న చోట, దమ్ము లేకపోతే పెట్టిన నీరు పెట్టినట్టే దిగిపోతుంది. అక్కడ ఎక్కువ చాళ్ళు కొట్టడానికి అర్థం ఉంది. సముద్రం వారన ఇసుక నేలలనూ లంక మెరక భూములనూ పక్కన పెడితే, మధ్య డెల్టాలోనూ పశ్చిమ డెల్టాలోనూ ఎక్కువ భాగం గోదావరి తెచ్చి పోసిన నల్లటి బంకమన్నే. తడిస్తే ఉబ్బి తన దారులను తానే మూసుకునే ఈ మట్టిలో నీరు కిందికి దిగడం ఎలాగూ తక్కువ. మనకు ఎప్పుడూ ఉన్న బాధ నీరు ఇంకిపోవడం కన్నా నీరు బయటికి పోకపోవడం. మురుగు కాలువల పూడిక గురించి రాయని పత్రిక, అడగని నాయకుడు లేరు. కాబట్టి మొదటి లాభం కోసం మన నేలకు ఒక చాలు చాలు. కలుపు అణగడానికీ మట్టి మెత్తబడటానికీ రెండోది కావాలి. మూడోదీ నాలుగోదీ దేనికి?

ఈ ప్రశ్న అడిగితే మా వైపు వచ్చే నిజాయితీ అయిన సమాధానం, చేను అద్దంలా కనబడాలి అన్నదే. ఆ ముచ్చట నాకూ ఉంది. మా నాన్నగారి హయాంలో, బల్ల తోలిన మర్నాటి ఉదయం చేలో ఆకాశం కనబడితే ఆయన కాసేపు గట్టు మీదే నిలబడేవారు. కానీ ఆయనకు ఒక హద్దు ఉండేది: ఎడ్లు. రెండు చాళ్ళయ్యేసరికి ఎడ్లు నురగలు కక్కేవి, మనిషి పిక్కలు పట్టేసేవి. అంతకు మించి దమ్ము చేయాలన్నా చేసే ఓపిక లేదు. దమ్ము చక్రాల ట్రాక్టరు వచ్చాక ఆ హద్దు పోయింది. ఒకప్పుడు అలసట ఆపిన చోట ఇప్పుడు ఆలోచనే మనల్ని ఆపాలి, కానీ ఆ లెక్క మనం ఎప్పుడూ కట్టలేదు. భూమి తయారీకి పెట్టే నీరు 200 మిల్లీమీటర్లనుకున్నా ఎకరానికి 8 లక్షల లీటర్లవుతుంది. అందులో చివరి చాళ్ళ కోసం అదనంగా పెట్టి, ఊడ్పుకు ముందు మడవ తీసి వదిలేసే చిక్కటి కాఫీ రంగు నీరు బోదెలోకీ, బోదె నుంచి మురుగు కాలువలోకీ పోతుంది. ఆ రంగు మన మట్టిలోని అతి సన్నని రేణువులది. కర్బనమూ భాస్వరమూ ఎక్కువగా అంటిపెట్టుకుని ఉండేది వాటినే. జూలైలో గోదావరి ఎర్రనీటితో మోసుకొచ్చి ఇచ్చే ఒండ్రును ఒక చేత్తో తీసుకుని, రెండో చేత్తో మురుగులోకి పంపుతున్నామన్నమాట.

గొయ్యి తవ్విన రోజు సాయంత్రం ఒక చిన్న పరీక్ష చేశాను. మూడు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో గట్టు మీది ఎండు పెళ్ళ, ఒకదానిలో దొడ్లో పాదు పక్కన తీసిన పెళ్ళ, మూడోదానిలో చేను మధ్య నుంచి తెచ్చిన పెళ్ళ, మూడూ ఉసిరికాయంత, వేశాను. చేను పెళ్ళ ఒకటి రెండు నిమిషాల్లో బుడగలు వదిలి, కరిగి, అడుగున బూడిదలా కూర్చుంది, నీరు మసకబారిపోయింది. దొడ్లోది అంచులు రాలి నడుమ నిలిచింది. గట్టుది మర్నాటి దాకా గట్టుదిలాగే ఉంది. గట్టుకూ చేనుకూ మధ్య దూరం నాలుగడుగులు. మట్టి పుట్టుక ఒకటే, గోదావరి ఒకటే. తేడా అల్లా, గట్టును ఎవరూ దున్నరు, దాని మీద గడ్డి వేళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయి. దీన్ని ప్రయోగశాల పరీక్ష అనను, కానీ మా మనవడికి ఏ పాఠం చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

ఇక ఆ గట్టి పొర గురించి. దాన్ని శత్రువుగా చూడాలనే నేను గొయ్యి తవ్వాను. తవ్వాక కొంత వెనక్కి తగ్గాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి, అంటే 170 ఏళ్ళకు పైగా, మనం ఈ నేలను వరి కోసం మలుచుకున్నాం. వరిమాగాణి అనేది ప్రకృతి ఇచ్చినట్టు ఉన్న నేల కాదని, కింద గట్టి పొరతో సహా మనిషి చేసుకున్న నేలరకమని మృత్తికా శాస్త్రజ్ఞులే వేరుగా లెక్క వేస్తారు. ఆ పొర ట్రాక్టరును మోస్తుంది. దాన్ని లోదుక్కితో చీల్చిన చోట మర్నాటి వర్షానికి చేను ఊబిలా మారి, చక్రం ఇరుసు దాకా దిగబడటం మా ఊళ్ళోనే చూశాను. ఆ బండిని లాగడానికి రెండో ట్రాక్టరు, రెంటినీ లాగడానికి మూడోది రావలసి వచ్చింది. కాబట్టి పొరను పగలగొట్టమనడం తొందరపాటు. దాన్ని ఇంకా మందం చేయకుండా, వేళ్ళకు కొన్ని దారులు మిగిల్చితే చాలు. ఆ దారులు వేసే పనివాళ్ళు మనకు ఉచితంగానే ఉన్నారు: వేసవి నెర్రెలు, ఎర్రలు, పచ్చిరొట్టగా వేసే జీలుగ తల్లివేరు. ఉబ్బి ముడుచుకునే బంకమన్ను ఎండిన ప్రతిసారీ తనను తాను పగలగొట్టుకుని కొంత నిర్మాణం తిరిగి తెచ్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసే కాలం మన చేలకు అందుకే వైద్యం లాంటిది. వేసవిలో కూడా బోర్లు పెట్టి తడిపే చోట, చుట్టూ చేపల చెరువుల ఊట పడి ఎన్నడూ ఎండని చోట, ఈ వైద్యం అందదు.

నిర్మాణం చెడిన ఫలితం వరికి తెలియదు, వరి తరువాతి పంటకు తెలుస్తుంది. దాళ్వాకు నీళ్ళివ్వని ఏడు, సార్వా (ఖరీఫ్ వరి) కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే మినుమో పెసరో చల్లడం మన వైపూ కృష్ణ వైపూ ఎప్పటి నుంచో ఉన్నదే. నాగలి ముట్టని ఆ సేద్యాన్ని మన పెద్దలు ఏ సంస్థా వచ్చి చెప్పకముందే చేశారు. ఇప్పుడు జీరో టిల్లేజ్ మొక్కజొన్న అని మనం పిలుస్తున్నది దానికి తమ్ముడే. ఆ మినుము బతికేది నేలలో మిగిలిన తడి మీద. రెండు చాళ్ళ చేలో దాని వేరు నెర్రె పట్టుకుని దిగుతుంది. నాలుగు చాళ్ళ చేలో పైపొర సిమెంటులా బిగుసుకుని, ఫిబ్రవరికే ఆకు వాడుతుంది. దీనికి తోడు కోతయంత్రాల బరువు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను వానకు పడిపోయిన సార్వాను, నీరు పూర్తిగా తీయకుండానే చైను మిషన్లతో కోయించాం. ఇంకో దారి లేదు, గింజ మొలకెత్తిపోతుంది. ఆ గాళ్ళు మరుసటి సార్వా దాకా చేలో కనబడుతూనే ఉన్నాయి. దమ్మును తప్పు పట్టేటప్పుడు ఆ యంత్రాన్ని మరిచిపోతే లెక్క సగమే.

ఇప్పుడు కర్బనం. దున్నితే కర్బనం పోతుందన్న వాదన పుట్టింది గాలి ఆడే మెట్టనేలల్లో. అక్కడ సేంద్రియ పదార్థం మట్టి కణికల లోపల, సూక్ష్మజీవులకు అందకుండా దాగి ఉంటుంది. నాగలి కణికను పగలగొడితే గాలి తగిలి, సూక్ష్మజీవులు తినేసి, కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. నీరు నిలిచిన చేలో కథ వేరు. ఇక్కడ కర్బనాన్ని కాపాడేది ముఖ్యంగా గాలి లేకపోవడం. దానికి తోడు బంకమన్నుతోనూ ఇనుముతోనూ దానికున్న పట్టు. దమ్ము చేసేటప్పుడు కణిక పగిలినా, పగిలింది నీటి అడుగున. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1963లో మొదలుపెట్టి, తరువాత ఏటా మూడు పంటలకు పెంచి, ఈనాటికీ నడుపుతున్న ప్రయోగం ఒకటి ఉంది. ప్రతి పంటకూ దమ్ము, గడ్డి చేలో ఉంచరు. అయినా దశాబ్దాల పాటు నేలలో కర్బనం నిలకడగా ఉందని అక్కడి కొలతలు చెప్పాయి. దున్నడమే కర్బనానికి గొడ్డలిపెట్టయితే ఆ మడి ఈపాటికి బీడుపడి ఉండాలి. నిలిచిన నీటిలో పెరిగే నాచూ, వరి వేళ్ళూ మోళ్ళూ ఆ లోటును పూడుస్తున్నాయి.

దున్నని మెట్టనేలల్లో కూడా పెరిగిందన్న కర్బనంలో కొంత భాగం కొలతలోని మాయ. గడ్డి పైనే ఉండిపోతుంది కనుక పై 5 సెంటీమీటర్లలో కర్బనం పెరుగుతుంది, కింద తగ్గుతుంది. పైన మాత్రమే తవ్వి చూస్తే లాభం, లోతుగా తవ్వి చూస్తే పెద్ద తేడా లేదు. మన మట్టి పరీక్షలకు నమూనా తీసేది 15 సెంటీమీటర్ల లోతే. ఈ కొలత ఎంత బలహీనమైనదో నాకు అనుభవంలోకి వచ్చింది. మా చేలో పది చోట్ల తీసిన మట్టిని ఒకే గోనె మీద బాగా కలిపి, రెండు పొట్లాలు కట్టి, రెండు సర్వే నెంబర్లు రాసి, ఒకే పరీక్షా కేంద్రానికి పంపాను. ఒకదానికి సేంద్రియ కర్బనం 0.48 శాతం, "తక్కువ" అని వచ్చింది, రెండోదానికి 0.61 శాతం, "మధ్యస్థం" అని వచ్చింది. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాకా మధ్యస్థం అన్న హద్దుల ప్రకారం రెండు మాటలూ సరైనవే, మట్టి మాత్రం ఒకటే.

ఈ తేడాను కిలోల్లోకి మార్చి చూడండి. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి, ఘనపు మీటరు 1.4 టన్నులని తీసుకుంటే, 850 టన్నుల బరువు ఉంటుంది. అందులో 0.6 శాతం కర్బనమంటే సుమారు 5,100 కిలోలు. 2015లో పారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్స్ ముందుకు తెచ్చిన 'వెయ్యికి నాలుగు' లక్ష్యం ప్రకారం ఏటా వెయ్యింటికి నాలుగు వంతులు పెంచగలిగితే, అది కష్టమైన లక్ష్యమే, ఎకరానికి ఏడాదికి 20 కిలోలు. నా రెండు పొట్లాల మధ్య వచ్చిన 0.13 శాతం తేడా 1,100 కిలోలు, అంటే 55 ఏళ్ళ సంపాదన. ఇలాంటి కొలత మీద ఏటేటా డబ్బు చెల్లిస్తామనే వాళ్ళు తెలిసి మోసం చేస్తున్నారని నేను అనను. కానీ వాళ్ళ లెక్కకు కాళ్ళు లేవు.

ఇంకో లెక్క దీనికన్నా పెద్దది. నీరు నిలిచి గాలి ఆడని మట్టిలో సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. వందేళ్ళ కాలానికి లెక్కిస్తే భూమిని వేడెక్కించడంలో కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. సేంద్రియ ఎరువు వేయకుండా, పంటకాలమంతా నీరు నిలిచే వరికి దక్షిణాసియాలో సగటున హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వెలువడుతుందని, పంటకాలం 112 రోజులని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం) మార్గదర్శకాల 2019 సవరణలో తీసుకున్నారు. ఎకరానికి ఒక పంటకు 38 కిలోలు తేలుతుంది. అది వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో, అంటే దాదాపు 290 కిలోల కర్బనంతో సమానం. రెండు పంటలకు దీన్ని రెట్టింపు చేసుకోండి. దుక్కి మాని ఏటా 20 కిలోలు దాచుకుంటామా లేదా అని వాదించుకుంటున్న చోట, 580 కిలోల సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు వింతగా తోస్తుంది. దాచిన కర్బనమూ వెలువడిన మీథేనూ ఒకే రకం పద్దులు కావన్నది ఒప్పుకుంటాను. ఎటు చూడాలో చెప్పడానికి మాత్రం ఈ పోలిక చాలు.

మన డెల్టాకు దుక్కి నిజంగా పనికొచ్చే చోటు ఇక్కడే ఉంది, అది కూడా పొడిదుక్కి. గడ్డిని మట్టిలో కలపమని అందరూ చెబుతారు, ఎప్పుడు కలపాలో చెప్పేవారు తక్కువ. పచ్చిగడ్డిని నీటి కింద కలిపితే మీథేన్ చేసే జీవులకు విందు పెట్టినట్టే. అదే గడ్డిని పదును మీద, గాలి ఆడే మట్టిలో కలిపి నెల పైగా వదిలేస్తే, సులువుగా కరిగే భాగం ముందే కరిగిపోతుంది. ఐపీసీసీ మార్గదర్శకాలు, నీరు పెట్టడానికి 30 రోజుల లోపు కలిపిన గడ్డి ప్రభావాన్ని 1గా తీసుకుని, అంతకన్నా ముందు కలిపిన గడ్డికి 2006లో 0.29, 2019లో 0.19 అని గుణకం వేశాయి. అంటే అదే గడ్డి, అదే చేను, కలిపే తేదీ మారితే ప్రభావం అయిదో వంతుకు దిగుతుంది. ఈ తేదీని మన పంటల క్యాలెండరు మీద పెట్టి చూస్తే, సార్వాకూ దాళ్వాకూ ఒకే సలహా ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. దాళ్వా కోత ఏప్రిల్‌లో. సార్వా ఊడ్పు జూలైలో. మధ్యలో రెండు నెలలకు పైగా ఉంది. మేలో ఒక మంచి జల్లు పడగానే, పదును పోకముందే గడ్డినీ మోళ్ళనూ ఒక చాలు తిరగేసి వదిలేస్తే సరిపోతుంది. సార్వా కోత నవంబరు చివరో డిసెంబరులోనో; దాళ్వా ఊడ్పు జనవరిలో. స్వర్ణ లాంటి 150 రోజుల వరి వేసిన చోట ఆ మధ్య కాలం ఇంకా బిగుసుకుపోతుంది. అప్పుడు గడ్డిని దమ్ములో తొక్కించడం అన్ని విధాలా నష్టం. దాన్ని పశువులకో, మోపులు కట్టే యంత్రానికో ఇచ్చేయడమే మేలు.

మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. సార్వా గడ్డి తడిసి అమ్ముడుపోక చేలోనే దమ్ములో కలిసిపోతుంది. కలపవలసిన దాళ్వా గడ్డికి ఏప్రిల్ చివర, యంత్రం వరుసలుగా వదిలి వెళ్ళిన చోటే, సాయంత్రం పూట అగ్గిపుల్ల గీస్తాం. ఎకరానికి 30 బస్తాలు, అంటే 2,250 కిలోల ధాన్యం పండితే గడ్డి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది; దానిలో 40 శాతం, అంటే 900 కిలోలు కర్బనం. మట్టిలో చివరకు నిలిచేది అందులో చిన్న భాగమే అయినా, ఆ మంటలో పోయేది మొత్తం.

పచ్చిరొట్ట గురించి కూడా ఇంతే నిజాయితీగా చెప్పాలి. జూన్‌లో జీలుగ చల్లి, పూత దశలో దమ్ములో కలియదున్నితే మీథేన్ కొంత పెరుగుతుంది. దాన్ని దాచి చెప్పే ప్రచారం నాకు నచ్చదు. అయినా నేను జీలుగ వైపే మొగ్గుతాను. అది ఇచ్చే నత్రజని యూరియాను తగ్గిస్తుంది, దాని వేరు గట్టి పొరలో దారి వేస్తుంది, అది ఉన్న చేలో మట్టి మెత్తబడి రెండు చాళ్ళకే దమ్ము తేరుతుంది. గొర్రెల మంద కట్టించుకోగలిగిన వాళ్ళకు దాని అవసరం కూడా తక్కువే, కానీ ఇప్పుడు మందలు ఎక్కడున్నాయి, చేపల చెరువుల మధ్య వాటికి దారేది?

మీథేన్‌ను నేరుగా తగ్గించేది నీటిని మధ్యమధ్య ఆరబెట్టడం. పంటకాలంలో పలుమార్లు ఆరబెడితే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుందని లెక్కలున్నాయి. నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పెరిగినా మొత్తం మీద లాభమే. అయితే బోరు కింద సేద్యం చేసేవాడికి చెప్పినంత సులువుగా కాలువ కింది రైతుకు ఈ మాట చెప్పలేం. మన దగ్గర నీరు చేను మీంచి చేనుకు పారుతుంది. నేను నా చేను ఆరబెట్టాలంటే నా కింద ఉన్న నలుగురూ ఆరబెట్టుకోవాలి, పైనున్న ఇద్దరూ మడవ కట్టాలి. వంతు నీరు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియనివాడు ఉన్న నీటిని వదులుకోడు. ఇది ఒక్కో బోదె కింది రైతులంతా ఒక్కటిగా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

ఇంతా రాసి, ఈ సలహాలు వినవలసింది ఎవరని ఆలోచిస్తే కలం ఆగుతుంది. మా ఊళ్ళో చేలు చేసేవాళ్ళలో ఎక్కువ మంది కౌలుదార్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద, యజమాని ఒప్పుకుంటే, కౌలు రైతుకు వచ్చే కార్డు పదకొండు నెలలది. మట్టి నిర్మాణం కుదుటపడటానికి అయిదారేళ్ళు, కర్బనం కంటికి కనబడేంత పెరగడానికి అంతకు రెండింతలు పడుతుంది. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియనివాడిని మేలో సొంత డబ్బుతో డీజిలు పోయించి దాళ్వా గడ్డి తిరగేయమనడానికి నాకు నోరు రాదు. ఆ ఖర్చు చేను యజమానిది. చేను మిగిలేదీ మట్టి మిగిలేదీ యజమానికే. కౌలు బస్తాలు లెక్కపెట్టుకోవడానికి పట్నం నుంచి వచ్చే నా స్నేహితులకు ఈ మాట చెప్పి చూశాను. ఒకరు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు చేను చేపల చెరువుకు ఇచ్చేద్దామనుకుంటున్నామన్నారు.

పోయిన సార్వాకు నా నాలుగెకరాల్లో రెండెకరాలకు రెండు చాళ్ళే కొట్టించాను. మిగతా రెండెకరాలకు ఎప్పటిలాగే నాలుగు. పల్లపు మూల ఊద కొంచెం ఎక్కువ వచ్చి, ఇద్దరు ఆడకూలీలను ఒక పూట అదనంగా పెట్టవలసి వచ్చింది. నూర్చాక రెండు మడులకూ మధ్య ఎకరానికి బస్తా తేడా కూడా రాలేదు. ఒక్క పంటతో ఏదీ రుజువు కాదు, అందుకే ఈ ఏడూ చేస్తున్నాను. రెండు చాళ్ళవగానే ట్రాక్టరు ఆపమంటే, డ్రైవరు నమ్మలేనట్టు చూసి, "ఇంకో రెండు కొట్టేస్తానండీ, గుత్త అదేగా" అన్నాడు. మా వైపు దమ్ముకు ఎకరా గుత్త మాట్లాడుకుంటాం. ఎన్ని చాళ్ళన్నది పేచీకి వదిలేస్తాం. గుత్త ఒకటే కనుక ప్రతి యజమానీ గట్టు మీద నిలబడి ఇంకొకటి, ఇంకొకటి అంటాడు, డ్రైవరు తన డీజిలు కాల్చుకుంటూ కొడతాడు. నాలుగో చాలు అడిగింది ఇన్నేళ్ళూ నేనే. మిగిలిన డీజిలు మాటేమిటని అడిగితే అతను నవ్వి, డబ్బు మాత్రం పూర్తిగా ఇమ్మన్నాడు. వచ్చే జూలైకి గంటల లెక్కన మాట్లాడుకుందామని చెప్పాను. సరేనని, బండి తిప్పుకుని పక్క చేలోకి దిగాడు. అక్కడ గట్టు మీద మా బావగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు.